గీత కలిసింది, కారణం కలవలేదు

అంటువ్యాధుల గణితం చదివే ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు తెరిచే పేపర్ ఒకటుంది. 1927లో ఎడిన్‌బరోలో ఇద్దరు కలిసి రాసింది. ఒకాయన విలియం కెర్మాక్, రసాయన శాస్త్రవేత్త. ల్యాబ్‌లో జరిగిన ప్రమాదంలో 1924లో, 26 ఏళ్ల వయసుకే ఆయన చూపు పూర్తిగా పోయింది. రెండో ఆయన ఆండర్సన్ మెకెండ్రిక్, సైన్యంలో పనిచేసి వచ్చిన డాక్టర్. ఆ పేపర్లో ఒక బొమ్మ ఉంది. 1905 డిసెంబర్ నుంచి 1906 జులై దాకా బొంబాయిలో ప్లేగుతో వారం వారం ఎంతమంది చనిపోయారో చుక్కలుగా పెట్టి, తమ సమీకరణాల నుంచి వచ్చిన గీతను వాటి మీదుగా గీశారు. చుక్కలన్నీ గీత మీద ఒద్దికగా కూర్చున్నట్టు ఉంటాయి. మొదట పెరుగుదల, మధ్యలో శిఖరం, ఆపైన దిగుడు. వ్యాధి సోకడానికి వీలున్న మనుషులు తగ్గిపోవడం వల్లే మహమ్మారి దానంతటదే ఆగిందని ఆ గీత చెబుతుంది. ఈ రంగంలోని పుస్తకాల్లో మళ్లీ మళ్లీ అచ్చయిన బొమ్మ ఇది.

కానీ ప్లేగు పాకేది అలా కాదు. అది ముందు ఎలుకల్లో చెలరేగుతుంది. ఎలుకల ఒంటి మీద ఉండే చిన్న పురుగులు కుట్టడం వల్ల మనుషులకు అంటుతుంది. పైగా బొంబాయిలో 1897 నుంచి ఏటా దాదాపు అవే నెలల్లో లేచి అవే నెలల్లో తగ్గేది. అంటే 1906లో దాన్ని ఆపింది మనుషుల సంఖ్య కాదు, రుతువు. 2012లో నికొలా బకాయేర్ అనే గణిత శాస్త్రవేత్త అదే డేటాను మళ్లీ బయటికి తీసి, పాత గీత అంత బాగా కలవాలంటే ప్లేగు జీవశాస్త్రానికి ఏమాత్రం పొసగని విలువలు పెట్టుకోవాల్సి వస్తుందని చూపించారు. కెర్మాక్, మెకెండ్రిక్‌లను తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. తాము చేసిన ఊహల్లో ఏదీ పూర్తిగా నిజం కాదని, వచ్చిన సమీకరణం చాలా ఉజ్జాయింపు మాత్రమేనని వాళ్లే అదే పేపర్లో రాశారు. బొమ్మ గుర్తున్నంతగా ఆ వాక్యం జనానికి గుర్తు లేదు, అంతే.

జీవశాస్త్ర ప్రశ్నలను లెక్కలతో, కంప్యూటర్‌తో పరిశీలించే కంప్యూటేషనల్ బయాలజీలో, అందులోనూ వ్యాధి నడకను సమీకరణాల్లో పెట్టే మోడలింగ్‌లో పరిశోధన వృత్తిగా పెట్టుకోవాలనుకునేవాళ్లు ఈ బొమ్మ దగ్గర కాసేపు ఆగాలి. బయటి నుంచి చూస్తే ఈ వృత్తి కోడింగూ గణితమూ కలిసిన పనిలా కనిపిస్తుంది. ఆ రెండూ రాకుండా లోపలికి అడుగు పెట్టలేరు, నిజమే. లోపలికి వచ్చాక మనిషిని నిలబెట్టేది మాత్రం వేరే నేర్పు. చేతిలో ఉన్న డేటా ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు, దేనికి చెప్పలేదు అని గుర్తుపట్టడం. చిక్కేమిటంటే, యూనివర్సిటీల్లో ఉద్యోగాలు, ప్రమోషన్లు, గ్రాంట్లు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టేది దీన్ని కాదు. ఈ రంగంలో చాలామంది ఏళ్ల తరబడి మోసే టెన్షన్ ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

ఈ రంగంలోకి రెండు పాయలు వచ్చి కలిశాయి. ఒకటి అక్షరాల పాయ. డీఎన్‌ఏనూ ప్రోటీన్లనూ అక్షరాల వరసలుగా రాసుకుని, కంప్యూటర్‌తో పోల్చి చూసే పని. మార్గరెట్ డేహాఫ్ 1965లో అప్పటిదాకా తెలిసిన ప్రోటీన్ వరసలన్నీ ఒక పుస్తకంగా వేశారు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం వాడే పద్ధతి కూడా ఆవిడదే. 1970లో రెండు వరసల్ని పక్కపక్కన పేర్చి పోల్చే నీడిల్‌మన్-వున్ష్ పద్ధతి, 1990లో పోలికలున్న వరసల్ని వేగంగా వెతికిపెట్టే బ్లాస్ట్ ప్రోగ్రాం, మనిషి డీఎన్‌ఏ అక్షరాలు దాదాపు అన్నీ చదివిన మానవ జీనోమ్ పథకం 2003లో పూర్తి కావడం ఈ దారిలోవే. రెండోది కాలంతో పాటు మారే వాటి పాయ: వ్యాధి ఎలా పాకుతుంది, ఒంట్లో వైరస్ ఎలా పెరుగుతుంది, మందు వేస్తే ఎంత వేగంగా తగ్గుతుంది. ఇది చాలా పాతది. డేనియల్ బెర్నూలీ 1760లోనే మశూచికి టీకా లాంటి పద్ధతి వాడితే సగటు ఆయుష్షు ఎంత పెరుగుతుందో లెక్క కట్టారు. సుమారు మూడేళ్లని తేలింది. ఇప్పుడు ఈ రెండు పాయల మధ్య గట్టు దాదాపు చెరిగిపోయింది. వైరస్ జీనోమ్‌లలో అక్షరాల మార్పులు చూసి అది ఎప్పుడు, ఎటు నుంచి ఎటు పాకిందో చెప్పే పని రెండింటికీ చెందుతుంది.

మోడల్ వల్ల ఒరిగేదేమిటో తెలియాలంటే మలేరియా దగ్గరికి వెళ్లాలి. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశారు, 1902లో నోబెల్ అందుకున్నారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ పట్టుదలతో చేసింది లెక్కలు. దోమలన్నింటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే చాలు, మలేరియా దానంతటదే పోతుంది అన్నది ఆయన వాదన. చాలామంది నమ్మలేదు. 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ దాన్ని ముందుకు తీసుకెళ్లి ఇంకో సంగతి బయటపెట్టారు. పరాన్నజీవి దోమ లోపల పక్వానికి రావడానికి పది రోజులకు పైనే పడుతుంది. అన్నాళ్లు బతకని దోమ వల్ల ప్రమాదం లేదు. రోజుకు 90 శాతం దోమలు బతుకుతున్నాయనుకుందాం. పది రోజులు దాటేవి వందకు 35. మందు కొట్టి ఆ 90ని 80కి దించితే? పది రోజులు దాటేవి వందకు 11 కూడా ఉండవు. రోజూ బతికే దోమల శాతం తొమ్మిదింట ఒక వంతు తగ్గితే ఫలితం మూడింతలు. దోమల సంఖ్యను సగం చేస్తే ప్రమాదం సగమే అవుతుంది, ఆయుష్షును కాస్త కోస్తే అంతకంటే ఎంతో ఎక్కువ తగ్గుతుంది. ఇళ్ల లోపలి గోడలకు మందు కొట్టడం వెనక ఉన్న బలమైన తర్కం ఇదే. ఎక్కడ నొక్కితే ఎక్కువ కదులుతుందో చూపించడమే మంచి మోడల్ చేసే పని. రేపటి కేసుల సంఖ్య చెప్పడం దాని తర్వాతి మాట.

హెచ్‌ఐవీ కథలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వైరస్ సోకాక ఏళ్ల తరబడి రోగి బాగానే ఉంటాడు, రక్తంలో వైరస్ సంఖ్య పెద్దగా మారదు. ఆ రోజుల్లో వైరస్ నిద్రపోతోందని చాలామంది అనుకునేవారు. అయితే తొట్టిలో నీటిమట్టం మారకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. కుళాయీ తూమూ రెండూ మూసి ఉండొచ్చు, లేదా రెండూ పూర్తిగా తెరిచి ఉండొచ్చు. మట్టం చూస్తే ఏదో చెప్పలేం. కుళాయి కట్టేసి, నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో చూడాలి. 1995లో డాక్టర్ డేవిడ్ హో, లాస్ అలమోస్‌లో సైద్ధాంతిక జీవశాస్త్రం చేసే అలన్ పెరెల్సన్, వాళ్ల సహచరులు చేసింది అదే. కొత్త వైరస్ తయారీని అడ్డుకునే మందు ఇచ్చి, రక్తం తరచుగా తీసి లెక్కపెట్టారు. మరుసటి ఏడాది వచ్చిన లెక్కల ప్రకారం ఆ 'నిద్ర' కాలంలో ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడుతున్నాయి, దాదాపు అన్నీ పోతున్నాయి. రక్తంలో సగం వైరస్ ఆరు గంటల్లోనే మాయమవుతోంది. వైరస్ జీనోమ్ పది వేల అక్షరాలకు కాస్త తక్కువ. రోజుకు అన్ని కోట్ల కాపీలు తయారైతే ఒక్క అక్షరం మారే ప్రతి అవకాశమూ రోజూ జరిగి తీరుతుంది. అందుకే ఒక్క మందు ఇస్తే వైరస్ తప్పించుకుంటుంది. మూడు మందులు ఒకేసారి ఇస్తే, మూడింటినీ తట్టుకునే మార్పులు ఒకే కణంలో కలవడం చాలా అరుదు. కలిపి ఇచ్చే చికిత్సకు గట్టి ఆధారం ఇక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది లెక్క గొప్పతనం మాత్రమే కాదు. సమీకరణాలు చూస్తే డిగ్రీ రెండో ఏడాది విద్యార్థికి అర్థమయ్యేవే. గొప్పతనమంతా రక్తం ఎప్పుడెప్పుడు తీయాలి, ఏ గంటకు తీస్తే ఏ సంఖ్య తెలుస్తుంది అన్న ప్రశ్నను డాక్టరూ లెక్కలు తెలిసిన మనిషీ పక్కపక్కన కూర్చుని తేల్చుకోవడంలో ఉంది. ప్రయోగం అయిపోయాక ఫైల్ పంపించి 'ఇందులోంచి ఏదైనా తీయండి' అని అడిగే పద్ధతిలో ఇది రాదు. ఇప్పటికీ ఈ రంగంలో ఎక్కువ పని ఆ రెండో పద్ధతిలోనే జరుగుతోంది. బాధ కలిగించే విషయమే.

ఫైల్ మాత్రమే చూసేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది ఎలా ఉంటుందో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు. కొత్త వ్యాధి ఒకటి వచ్చింది, కేసులు మూడు రోజులకోసారి రెట్టింపు అవుతున్నాయి. అందరూ వ్యాధికి లోబడే స్థితిలో ఉన్నప్పుడు ఒక్క రోగి నుంచి సగటున ఎంతమందికి అంటుతుందో చెప్పే సంఖ్యను ఆర్-నాట్ అంటారు. అది కనుక్కోవాలి. రోగి నాలుగు రోజుల పాటు అంటించగలడని అనుకుంటే, అతి సాధారణమైన మోడల్లో ఆర్-నాట్ సుమారు 1.9 వస్తుంది. పది రోజులు అంటించగలడనుకుంటే 3.3 వస్తుంది. రెండు మోడల్స్ గీసే గీతా ఒకటే, మూడు రోజులకోసారి రెట్టింపు. కేసుల డేటాకు రెండూ అచ్చంగా ఒకేలా కలుస్తాయి. కానీ మొదటి లెక్క ప్రకారం జనంలో 48 శాతం మందికి రక్షణ ఉంటే వ్యాధి ఆగుతుంది, రెండో లెక్క ప్రకారం 70 శాతం కావాలి. కోట్ల మందికి టీకాలు వేసే కార్యక్రమంలో ఈ తేడా ఎంతో ఊహించుకోవచ్చు. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా, ఎంత కొత్త అల్గారిథమ్ వాడినా ఈ ముడి ఆ కేసుల ఫైల్లోంచి విడదు. రోగులు ఎన్ని రోజులు అంటిస్తారో విడిగా ఎవరో ఇళ్లకు వెళ్లి, ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో అడిగి తెలుసుకోవాలి. ఈ ముడి ఉందని ముందే పసిగట్టి, 'ఈ డేటాతో ఈ సంఖ్య చెప్పలేం, ఫలానా సమాచారం తెండి' అనడమే ఈ వృత్తిలో అసలైన నైపుణ్యం. ఆ మాటకు పేపర్ రాదు. అదే కష్టం.

ఈ చదువులోకి రెండు వైపుల నుంచి మనుషులు వస్తారు. ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చేవాళ్లు కొందరు. బయాలజీ, మెడిసిన్, ఫార్మసీ, పశువైద్యం నుంచి వచ్చేవాళ్లు కొందరు. మొదటివాళ్ల బలహీనత సంఖ్యను నమ్మేయడం. ఫైల్లో తేదీ అని ఉంటే తేదీ అనుకుంటారు. అది జ్వరం మొదలైన తేదీయా, పరీక్ష చేసిన తేదీయా, కంప్యూటర్లో ఎక్కించిన తేదీయా అని అడగరు. ఆదివారం కేసులు పడిపోయి మంగళవారం పైకి లేస్తే అందులో ఏదో లయ ఉందనుకుంటారు. ఆదివారం తగ్గింది రిపోర్టులు, వ్యాధి కాదు. రెండోవాళ్ల బలహీనత ఇంకో రకం. సమీకరణం అంటే భయపడి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కు డేటా ఇచ్చి, వచ్చింది తీసుకుంటారు. లోపల ఏ ఊహలు ఉన్నాయో చూడరు. పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు ఎవరికి లేనిది వాళ్లు నింపుకోవడానికే సరిపోతాయి. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, అవకలన సమీకరణాలు, ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్, కనీసం ఒక వ్యాధి గురించి లోతైన జీవశాస్త్రం. వీటిలో చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. వదిలేసినవాళ్లు ఆరేడేళ్ల తర్వాత కూడా ఇంకొకరి ప్రశ్నలకు లెక్కలు కట్టిపెడుతూనే ఉంటారు, సొంత ప్రశ్న పుట్టదు.

డేటా శుభ్రం చేయడం చిన్నపని అనే అభిప్రాయం ఒకటుంది. రెండు ఉదాహరణలు చూస్తే అది పోతుంది. మనిషి జన్యువుల్లో కొన్నింటికి సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లు ఉండేవి. ఎక్సెల్‌లో ఆ పేరు టైప్ చేయగానే అది తేదీగా మారిపోయేది. 2016లో ఒక పరిశీలనలో, జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పేపర్లలో సుమారు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులు దొరికాయి. చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే కమిటీ ఆ జన్యువుల పేర్లే మార్చింది: సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1.

రెండోది ఇంతకంటే బరువైనది. కేన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో కణితిలోని జన్యువుల తీరు చూసి ముందే చెప్పొచ్చని 2006లో ఒక పేపర్ వచ్చింది. దాని మీద ఆధారపడి రోగుల మీద ట్రయల్స్ కూడా మొదలయ్యాయి. కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు బయోస్టాటిస్టీషియన్లు ఆ ఫలితాన్ని మళ్లీ రాబట్టాలని కూర్చున్నారు. రాలేదు. తవ్వుకుంటూ పోతే బయటపడింది ఏమిటంటే, జన్యువుల జాబితా మొత్తం ఒక వరస కిందికి జరిగిపోయింది. స్ప్రెడ్‌షీట్‌లో పై వరస శీర్షికల కోసమా, డేటా కోసమా అన్న దగ్గర పొరపాటు. కొన్నిచోట్ల మందుకు లొంగే కణాలు, లొంగని కణాలు అన్న పేర్లు తారుమారయ్యాయి. 2009లో ఇద్దరూ ఇదంతా వివరంగా ప్రచురించారు. తర్వాత ట్రయల్స్ ఆగాయి, ఆ 2006 పేపర్‌ను 2011లో వెనక్కి తీసుకున్నారు. కొత్త ఆవిష్కరణ కాదు, కొత్త సిద్ధాంతం కాదు. ఇద్దరు మనుషులు ఓపికగా ఒక్కో వరసా సరిచూశారు. పొరపాటు లెక్కతో మందు ఎంచే పని ఆగింది. ఈ రంగం చేసిన గొప్ప పనుల జాబితా రాస్తే దీన్ని పైవరసల్లో పెట్టాలి.

మరి ఇలాంటి పనికి ఉద్యోగం వస్తుందా? ఇక్కడే మొదట చెప్పిన తేడా తెరమీదికి వస్తుంది. దారి అందరికీ తెలిసిందే: నాలుగు నుంచి ఆరేళ్ల పీహెచ్‌డీ, ఆ తర్వాత రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, చాలామందికి రెండు పోస్ట్‌డాక్‌లు, అప్పుడు ఫ్యాకల్టీ ఉద్యోగం కోసం వేట. అమెరికాలో బయోమెడికల్ పరిశోధకులకు ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే పెద్ద స్వతంత్ర గ్రాంటు మొదటిసారి అందేసరికి సగటు వయసు 40 దాటుతోంది. ఇది బయోమెడికల్ రంగాలన్నింటికీ ఉన్న కష్టం. రెండు శాస్త్రాల మధ్య నిలబడినవాళ్లకు దీనిపైన ఇంకో భారం ఉంటుంది. బయాలజీ పేపర్లో మొదటి పేరుకు, చివరి పేరుకు విలువ. మొదటిది పని చేసిన మనిషిది, చివరిది ల్యాబ్ నడిపే మనిషిది. గణితంలో పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. కంప్యూటర్ సైన్స్‌లో జర్నల్ కంటే కాన్ఫరెన్స్ పేపరే ముఖ్యం. డాక్టర్లతో కలిసి పనిచేసే మోడలర్ పేరు 20 పేర్ల మధ్యలో ఎక్కడో ఉంటుంది. విశ్లేషణ మొత్తం ఆ మనిషిదే అయినా, సెలక్షన్ కమిటీ ముందు అది 'మధ్యలో పేరు' మాత్రమే. గణితం డిపార్ట్‌మెంట్‌కు వెళితే కొత్త సిద్ధాంతం ఏదీ అంటారు, బయాలజీకి వెళితే ప్రయోగం ఏదీ అంటారు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (అందులోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న సంఖ్య) చూసి మనిషిని కొలవొద్దని, సాఫ్ట్‌వేర్‌నూ డేటానూ కూడా పరిశోధన ఫలితంగా లెక్కించాలని చెప్పింది. చాలా సంస్థలు సంతకాలు పెట్టాయి. సంతకం పెట్టినంత సులువుగా ఇంటర్వ్యూ గదుల్లోని అలవాటు మారలేదు.

సాఫ్ట్‌వేర్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్లాస్ట్ పేపర్ మొత్తం సైన్స్‌లోనే అత్యధికంగా ఉదహరించిన పేపర్ల సరసన ఉంది. అంటే పనిముట్టు తయారుచేస్తే గుర్తింపు రాదని కాదు, కొత్తగా తయారైనప్పుడు వస్తుంది. ఆ తర్వాత పదేళ్ల పాటు దాన్ని నడిపించడానికి, వాడేవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి, కొత్త కంప్యూటర్లలో పనిచేసేలా సరిదిద్దడానికి గ్రాంట్లు దొరకడం చాలా కష్టం. వేలమంది ఆధారపడే పనిముట్లను ఒక్కరో ఇద్దరో సాయంత్రాలు కూర్చుని కాపాడుతున్న సందర్భాలు ఈ రంగంలో మామూలే.

మహమ్మారి వచ్చినప్పుడు ఇదంతా ఒక్కసారిగా బయటి ప్రపంచం కంట్లో పడుతుంది. 2014 సెప్టెంబర్‌లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగుతున్నప్పుడు, అదనంగా ఏ చర్యలూ తీసుకోకపోతే, రికార్డుకెక్కని కేసులను కూడా కలిపితే, 2015 జనవరికల్లా లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 14 లక్షల కేసులు ఉండొచ్చని అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క చెప్పింది. చివరికి ఆ మహమ్మారి మొత్తంలో నమోదైన కేసులు 28,600 పైచిలుకు. మోడల్ ఘోరంగా తప్పిందని అప్పట్లో చాలా విమర్శ వచ్చింది. ఆ విమర్శలో సగమే న్యాయం. 'ఏమీ చేయకపోతే' అన్న షరతు మీద చెప్పిన సంఖ్య అది. సంఖ్య విన్నాక ప్రపంచం కదిలింది, సాయం వెళ్లింది, జనమూ తమ పద్ధతులు మార్చుకున్నారు. మిగతా సగం మాత్రం మోడలర్లు ఒప్పుకోవాల్సిందే. జనం భయపడి జాగ్రత్త పడటం కూడా వ్యాధి నడకలో భాగమే, దాన్ని లెక్కలోకి తీసుకోని మోడల్ ఎక్కువకాలానికి పనికిరాదు. 2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం ఇచ్చిన నివేదికలో బ్రిటన్‌లో 5 లక్షల 10 వేలు, అమెరికాలో 22 లక్షలు అన్న మరణాల సంఖ్యలు కూడా ఏ కట్టడీ లేకపోతే, జనం తమంతట తామూ ఏమీ మార్చుకోకపోతే అన్న షరతు మీదివే. వార్తల్లోకి సంఖ్య వెళ్లింది, షరతు వెళ్లలేదు. 1927 బొమ్మకు జరిగిందే మళ్లీ జరిగింది.

అదే నివేదిక వెనక ఉన్న కోడ్ గురించి పెద్ద గొడవ జరిగింది. అది 13 ఏళ్ల కిందట ఫ్లూ కోసం రాసిన, వివరణలు లేని, సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో వేల లైన్ల కోడ్ అని దాన్ని రాసిన నీల్ ఫెర్గూసనే చెప్పారు. బయటివాళ్ల సాయంతో శుభ్రం చేసి విడుదల చేశాక, స్టీఫెన్ ఎగ్లెన్ అనే కేంబ్రిడ్జ్ పరిశోధకుడు విడిగా నడిపి చూస్తే నివేదికలోని ముఖ్యమైన ఫలితాలు తిరిగి వచ్చాయి. కోడ్ తప్పు కాదు, కానీ ఎవరూ చదవలేని స్థితిలో ఉంది. లక్షల మంది ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం ముందున్నప్పుడు చదవలేకపోవడం చిన్న లోపం కాదు. అయితే పదమూడేళ్ల పాటు దాన్ని శుభ్రంగా ఉంచడానికి ఏ యూనివర్సిటీ జీతం ఇస్తుంది, ఏ ప్రమోషన్ కమిటీ మార్కులు వేస్తుంది? ఒక్క మనిషి మీద విరుచుకుపడిన వాళ్లలో ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఈ తంటాలన్నీ తీరిపోవా అని కొత్త విద్యార్థులు అడుగుతుంటారు. ప్రోటీన్ల విషయంలో జరిగింది నిజంగా అద్భుతం. ప్రోటీన్ అక్షరాల వరస చూసి దాని ఆకారం చెప్పే ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ 2020లో చూపిన ఫలితాలకు 2024లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. కొత్త ప్రోటీన్లను రూపొందించినందుకు డేవిడ్ బేకర్ కూడా ఆ బహుమతిని పంచుకున్నారు. కానీ ఆ విజయం కింద పునాది ఏమిటో చూడాలి. 1971లో ఏడంటే ఏడు ప్రోటీన్ నిర్మాణాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ప్రపంచమంతటి ల్యాబులూ యాభై ఏళ్ల పాటు ఒకే పద్ధతిలో, ఒకే ప్రమాణంతో నిర్మాణాలు జమచేశాయి. 1994 నుంచి రెండేళ్లకోసారి జరిగే కాస్ప్ పోటీలో, ఇంకా ప్రచురించని నిర్మాణాలను ముందే ఊహించి రాయాలి, తర్వాత అసలుతో పోల్చి మార్కులు వేస్తారు. వ్యాధుల డేటాకు అలాంటి చరిత్ర లేదు. ఒక్కో దేశంలో కేసు అన్న మాటకు ఒక్కో అర్థం, పరీక్షలు పెరిగితే కేసులు పెరుగుతాయి, వ్యాధి కలిగించే క్రిమి కూడా మధ్యలో మారిపోతుంది. గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2008లో జనం వెతికే మాటల నుంచి ఫ్లూ ఎంత ఉందో చెబుతామని వచ్చింది. 2012-13 చలికాలంలో సీడీసీ లెక్కలకు దాదాపు రెట్టింపు చూపించింది, 2015లో ఆగిపోయింది. జ్వరం వచ్చినవాళ్లు మాత్రమే కాదు, వార్తలు చూసి భయపడినవాళ్లు కూడా ఫ్లూ గురించి వెతుకుతారు మరి.

ఈ విషయంలో ఆశ కలిగించేది 2013 నుంచి అమెరికాలో నడుస్తున్న ఫ్లూ అంచనాల పోటీ. వేర్వేరు బృందాలు వచ్చే వారాల అంచనాలను ముందే రాసిస్తాయి, తర్వాత అసలు సంఖ్యలతో పోల్చి చూస్తారు. ఏ ఒక్క మోడల్ కంటే అన్నింటినీ కలిపిన అంచనాయే ఎక్కువసార్లు నిలకడగా ఉంటుందని తేలింది. యువ పరిశోధకులకు ఇది మంచి చోటు. పేరున్న ప్రొఫెసర్ ల్యాబ్ నుంచి వచ్చినా, ఎవరికీ తెలియని చోటి నుంచి వచ్చినా అంచనాకు వచ్చే మార్కు ఒకటే.

పీహెచ్‌డీకి చోటు వెతికేవాళ్లు సాధారణంగా గైడ్ పేరు, జర్నల్స్ పేర్లు చూస్తారు. చూడాల్సింది ఇంకోటి ఉంది. ఆ గ్రూప్‌లో డేటా ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని సేకరించేవాళ్లతో విద్యార్థులు నేరుగా మాట్లాడతారా, లేక ఫైల్ మాత్రమే అందుతుందా? గ్రూప్‌లో పాత విద్యార్థి రాసిన కోడ్‌ను కొత్త విద్యార్థి నడపగలడా? ఒక గైడ్ లెక్కల వైపు, ఇంకొకరు జీవశాస్త్రం లేదా వైద్యం వైపు ఉంటే మంచిది, కానీ ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లై ఉండాలి. లేకపోతే విద్యార్థి ఇద్దరి మధ్య ఉత్తరాలు మోయడంలోనే నాలుగేళ్లు గడిచిపోతాయి. చదువయ్యాక ఫార్మా కంపెనీలకు, ప్రజారోగ్య శాఖలకు వెళ్లిపోయేవాళ్లు చాలామంది. అది ఓటమి కాదు. అక్కడ చాలాసార్లు డేటా పుట్టే చోటుకు యూనివర్సిటీలో కంటే దగ్గరగా ఉంటారు.

మంచి గ్రూపుల్లో కొత్త విద్యార్థికి మొదట అసలు డేటా ఇవ్వరు. ఆర్-నాట్ ఇంత, అంటించే రోజులు ఇన్ని అని సీనియర్ ఒకరు తామే విలువలు పెట్టి, కంప్యూటర్లో ఒక కల్పిత మహమ్మారిని నడిపి, వచ్చిన కేసుల జాబితా మాత్రం చేతికిస్తారు. ఆదివారాలు రిపోర్టులు తగ్గినట్టు, మధ్యలో ఒక వారం పరీక్షలు ఆగినట్టు కూడా అందులో కలుపుతారు. విద్యార్థి తన పద్ధతితో ఆ దాచిన విలువల్ని వెనక్కి రాబట్టాలి. గీత మొదటి రోజే కలుస్తుంది. విలువలు మాత్రం కలవవు. నాలుగు రోజులని పెట్టిన చోట తొమ్మిదని వస్తుంది. అప్పుడు మొదలవుతుంది పని: ఇంకే సమాచారం చేరిస్తే ఆ తొమ్మిది నాలుగవుతుంది? ఇళ్లలో ఎవరి నుంచి ఎవరికి సోకిందో తెలిస్తేనా, రక్తపరీక్షలు చేస్తేనా, వైరస్ జీనోమ్‌లు ఉంటేనా? నెలా రెండు నెలలు పడుతుంది. అసలు డేటా ఫైల్ తెరిచేది ఆ తర్వాతే.